కొత్త చేర్పులు

1979లో నేనొక చిన్న పుస్తకం రాశాను. అరవై నాలుగు పేజీలు. నల్లగొండ జిల్లాలో ఒక రైతు నాయకుని జీవిత చరిత్ర అది. ఆయన 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణా సాయుధ పోరాటంలో దళ నాయకుడుగా పనిచేసినవాడు, జైలు చూసినవాడు, చివరిదాకా ఒక పెంకుటింట్లో, రెండు జతల బట్టలతో బతికినవాడు. ఆ పుస్తకంలో నేను రాసిన సంగతులన్నీ నిజమే. ఒక్క వాక్యమైనా కల్పన కాదు. అయినా అది సత్యమైన పుస్తకం కాదని ఇవాళ ఒప్పుకోవలసి వస్తున్నది.

ఎందుకో చెప్పేముందు వ్లదిమిర్ దెదియెర్ అనే సెర్బియా చరిత్రకారుణ్ణి గురించి చెప్పాలి. ఎంచేతనంటే, ఆయన జీవితమూ ఆయన రచనలూ నాకు తెలియకపోయినట్లయితే ఆ ఒప్పుకోలు నా నోట వచ్చివుండేది కాదు. మన విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ ఆయన పేరు పెద్దగా తెలియదు. తెలియవలసిన పేరే.

నేను ఆ పేరు మొదటిసారి విన్నది 1967లో. అప్పుడు గుంటూరులో బి.ఏ. చదువుతున్నాను. వియత్నాం యుద్ధం మా తరం విద్యార్థులను కుదిపేసిన రోజులవి. ఆ సంవత్సరం మే నెలలో బెర్ట్రాండ్ రస్సెల్ పిలుపు మీద స్టాక్‌హోంలో ఒక ప్రజా న్యాయస్థానం సమావేశమై, వియత్నాంలో అమెరికా చేస్తున్న యుద్ధాన్ని విచారించింది. దానికి పోలీసులు లేరు, జైళ్ళు లేవు, శిక్ష విధించే అధికారం లేదు. రచయితలూ, తత్త్వవేత్తలూ, న్యాయవాదులూ కూర్చుని సాక్ష్యాలు విన్నారు. సార్త్ర్ ఎవరో మాకు తెలుసు. సిమోన్ ద బోవా తెలుసు. ఐజాక్ డాయిషర్ తెలుసు. కాని విచారణకు అధ్యక్షత వహించిన దెదియెర్ ఎవరో మాలో ఎవరికీ తెలియదు. మాకంటె వయసులో పెద్దవాడైన హాస్టలు మిత్రుడొకడు, "యుగొస్లావియావాడు కదటోయ్! టిటో మనిషే అయివుంటాడు. రివిజనిస్టు" అని తేల్చేశాడు. యుగొస్లావియా అసలు సోషలిస్టు దేశమే కాదని చైనా పార్టీ 1963లో వాదించింది. ఆ వాదన మాకు కంఠోపాఠం. 1964లో మన పార్టీ కూడా చీలింది. ఒక్క బిరుదు తగిలించి మనిషిని కొలిచెయ్యటం మాకు అప్పటికే బాగా అలవాటయింది.

టిటో మనిషి అని మేము కొట్టిపారేసిన ఆ వ్యక్తిని టిటో పార్టీ అంతకు పన్నెండేళ్ళ ముందే కోర్టుకీడ్చి శిక్ష వేయించిందన్న సంగతి మాకు తెలియదు. ఆ తర్వాత పదిహేనేళ్ళకుగాని నాకూ తెలియలేదు.

దెదియెర్ 1914 ఫిబ్రవరిలో బెల్‌గ్రేడులో పుట్టాడు. కుటుంబం హెర్జెగోవినా నుంచి వచ్చింది. రాళ్ళు తప్ప పొలం కనబడని కొండసీమ అది. తండ్రి భూగోళ శాస్త్రవేత్త. 1918లో స్పానిష్ ఫ్లూ వచ్చి చనిపోయాడు. తల్లే ముగ్గురు కొడుకులను పెంచింది. దెదియెర్ వయసొచ్చాక "పొలితికా" అనే పెద్ద దినపత్రికలో విలేకరి అయ్యాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో రిపబ్లిక్ పక్షం వహించినందుకు ఆ ఉద్యోగం పోయింది. 1941లో హిట్లర్ సేనలు యుగొస్లావియాను ఆక్రమించినప్పుడు కమ్యూనిస్టుగా గెరిల్లా దళాలలో చేరాడు. చేతిలో తుపాకి ఉన్నా మనిషి మాత్రం విలేకరిగానే ఉన్నాడు. రోజూ డైరీ రాసుకున్నాడు.

ఆ డైరీ యుద్ధం ముగిసిన 1945 నుంచే పుస్తకరూపంలో వెలువడటం మొదలయింది. దాని ఇంగ్లీషు అనువాదం మూడు సంపుటాలు 1990లో వచ్చాయి. నేను చదివింది అదే. అందులో మహా సిద్ధాంతాలేమీ లేవు. ఎవరు చెప్పులు లేకుండా నడిచారు, ఎవరికి జ్వరం వచ్చింది, ఏ ఊళ్ళో రైతులు అన్నం పెట్టారు, ఏ ఊళ్ళో తలుపు వేసుకున్నారు - ఇలాంటి సంగతులే ఉన్నాయి. తలుపు వేసుకున్న ఊళ్ళను కూడా రాసుకున్న గెరిల్లా రచయితను నేను అంతకు ముందు చదవలేదు.

1943 మే, జూన్ నెలల్లో సుత్యెస్కా నదీలోయలో జర్మన్, ఇటాలియన్ సేనలు గెరిల్లాల ప్రధాన బలగాన్ని చుట్టుముట్టాయి. ఏడువేల మందికి పైగా గెరిల్లాలు ఆ పోరులో చనిపోయారు. టిటోకు గాయం తగిలింది. దెదియెర్ తలకు దెబ్బ తగిలింది. ఆయన భార్య ఓల్గా శస్త్రవైద్యురాలు. ఒక డివిజను వైద్యబృందానికి నాయకురాలు. ఆమె కూడా అక్కడే గాయపడింది. చేయి తీసెయ్యవలసి వచ్చింది. చేయి పోయిన మనిషి దళంతోపాటు కొండలెక్కుతూ కొన్ని రోజులు నడిచింది. చివరికి బోస్నియాలో, రొమానియా అనే పేరుగల కొండ మీద ప్రాణం విడిచింది. దెదియెర్ ఆమెను అక్కడే పాతిపెట్టాడు. ఈ ఉద్యమం ఆయనకు ఎంత ఖరీదయిందో చెప్పటానికే ఈ సంగతి రాస్తున్నాను. తర్వాత ఆయన ఉద్యమాన్ని ప్రశ్నించినప్పుడు, "ఒడ్డున కూర్చున్నవాడు మాట్లాడుతున్నాడు" అనే అధికారం ఎవరికీ లేకపోయింది.

యుద్ధం తర్వాత దెదియెర్ పెద్దవాడయ్యాడు. పారిస్ శాంతి సభకూ, ఐక్యరాజ్యసమితికీ వెళ్ళిన యుగొస్లావ్ ప్రతినిధివర్గాలలో ఉన్నాడు. 1952లో పార్టీ కేంద్రసంఘ సభ్యుడయ్యాడు. 1953లో టిటో జీవిత చరిత్ర ప్రచురించాడు. స్టాలిన్‌తో తగాదా పెరిగి, 1948 జూన్ 28న కమిన్‌ఫారం యుగొస్లావియాను బహిష్కరించిన కథను యుగొస్లావుల వైపు నుంచి ప్రపంచానికి వివరంగా చెప్పిన పుస్తకం అది. చాలా భాషల్లోకి వెళ్ళింది. టిటో స్వయంగా చెప్పిన జ్ఞాపకాలు అందులో పేజీలకు పేజీలు ఉన్నాయి. నాయకుని పక్కన కూర్చుని, నాయకుడు చెప్పగా రాసుకున్న చరిత్ర.

అయితే ఆ పుస్తకం పేరు గమనించదగ్గది. దెదియెర్ దానికి "జీవిత చరిత్ర" అని పేరు పెట్టలేదు. "యోసిప్ బ్రోజ్ టిటో: జీవిత చరిత్రకు ప్రిలోజి" అని పెట్టాడు. ఆ భాషలో ప్రిలోజి అంటే చేర్పులు. ఎవరికి చేతనైనది వారు తెచ్చి కుప్పలో కలిపేవి. ఇది సంపూర్ణం కాదనీ, ఇంకా చెప్పవలసినది ఉందనీ ఆ మాటలోనే ఒప్పుకోలు ఉంది. రాసినప్పుడు ఆయన అంత దూరం ఆలోచించాడో లేదో నేను చెప్పలేను. తర్వాత బతికిన బతుకు మాత్రం ఆ మాటకు కట్టుబడే బతికాడు.

పుస్తకం వచ్చిన మరుసటి సంవత్సరమే పరీక్ష వచ్చింది. మిలోవన్ జిలాస్ టిటోకు అతి సన్నిహితులైన నాయకులలో ఒకడు. 1953 అక్టోబరు నుంచి 1954 జనవరి దాకా పార్టీ పత్రిక "బోర్బా"లో ఆయన వరుసగా వ్యాసాలు రాశాడు. విప్లవం చేసిన పార్టీ అధికారవర్గంగా మారుతున్నదని వాటి సారాంశం. 1954 జనవరిలో కేంద్రసంఘం ప్రత్యేకంగా సమావేశమై ఆయనను పదవులనుంచి తొలగించింది. ఆ వ్యాసాలను నెల ముందు మెచ్చుకున్నవాళ్ళే ఆనాడు లేచి వరుసగా తిట్టారు. జిలాస్ మాట్లాడే హక్కును సమర్థించినవాళ్ళు దాదాపు లేరు. లేచి నిలబడిన ఆ ఒకరిద్దరిలో దెదియెర్ ఒకడు. జిలాస్ చెప్పినదంతా నిజమని ఆయన వాదించలేదు. నిన్న అందరమూ మెచ్చుకున్న మాట ఇవాళ నేరం ఎట్లా అయిందని అడిగాడు. అంతే.

అంతే అనుకుంటాం గాని, అలా అడగటానికి ఎంత గుండె కావాలో సంఘాలలో కూర్చున్న వాళ్ళకు తెలుసు.

1954 డిసెంబరులో దెదియెర్‌ను పార్టీ నియంత్రణ కమిషన్ పిలిచి, జిలాస్‌తో స్నేహం ఎందుకు కొనసాగిస్తున్నావని నిలదీసింది. ఆయన అక్కడ లొంగలేదు. విషయాన్ని విదేశీ పత్రికలకు చెప్పాడు. 1955 జనవరిలో మూసిన తలుపుల వెనక విచారణ జరిగింది. జిలాస్‌కు పద్దెనిమిది నెలలు, దెదియెర్‌కు ఆరు నెలలు శిక్ష పడింది. రెండూ అమలును నిలిపివుంచిన శిక్షలే. విశ్వవిద్యాలయంలో ఆధునిక చరిత్ర బోధించే పని పోయింది. పాత మిత్రులు వీధిలో ఎదురయితే తల తిప్పుకున్నారు.

మనం గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. దెదియెర్‌ను కమిషన్ పిలిచిన ఆ డిసెంబరులోనే టిటో మన దేశంలో ఉన్నాడు. ఢిల్లీలో పార్లమెంటు సభ్యులనుద్దేశించి మాట్లాడాడు. నెహ్రూ ఆయనను ఘనంగా గౌరవించాడు. అలీనోద్యమానికి పునాదులు పడుతున్న రోజులవి. ఆ గౌరవం అనుచితమని నేననను. కాని మన పత్రికలు పూలదండల ఫొటోలు వేస్తున్న రోజుల్లోనే, ఆ నాయకుని జీవిత చరిత్ర రాసినవాడు బెల్‌గ్రేడులో ముద్దాయిగా నిలబడ్డాడు. ఈ రెండు దృశ్యాలనూ పక్కపక్కన పెట్టి చూడకపోతే ఆ కాలపు చరిత్ర మనకు సగమే తెలిసినట్లు.

కొన్నేళ్ళకు దేశం వదిలి వెళ్ళే అనుమతి దొరికింది. మాంచెస్టర్, ఆక్స్‌ఫర్డ్, హార్వర్డ్ - ఎక్కడ చోటు దొరికితే అక్కడ పనిచేశాడు. పాశ్చాత్య దేశాలకు వెళ్ళిన అసమ్మతివాదులకు అప్పట్లో ఒక తయారైన మార్గం ఉండేది. కమ్యూనిజాన్ని దూషిస్తూ ఒక పుస్తకం, దాని మీద ఉపన్యాసాలు, దానితో జీవనం. దెదియెర్ ఆ దారిని పోలేదు. 1966లో ఆయన ఇచ్చిన పుస్తకం "ది రోడ్ టు సారయేవో".

1914 జూన్ 28న సారయేవోలో ఆస్ట్రియా యువరాజును కాల్చిన గవ్రిలో ప్రిన్సిప్ కథ అది. పందొమ్మిదేళ్ళ కుర్రవాడు. మరణశిక్షకు ఇరవయ్యేళ్ళు నిండాలన్న నియమం వల్ల ఉరి తప్పి, 1918 ఏప్రిల్‌లో జైల్లో క్షయతో చనిపోయాడు. కొందరికి అతడు పిచ్చివాడు, కొందరికి దేవుడు, మరికొందరికి సెర్బియా గూఢచారి శాఖ చేతిలో పావు. దెదియెర్ ఈ మూడింటినీ పక్కకు నెట్టి పల్లెకు వెళ్ళాడు. బోస్నియాను 1878లో ఆస్ట్రియా-హంగరీ ఆక్రమించి, 1908లో పూర్తిగా కలిపేసుకుంది. నాగరికత తెచ్చామని చెప్పుకున్న ఆ సామ్రాజ్యం పాత భూస్వామ్యాన్ని మాత్రం చెక్కు చెదరనివ్వలేదు. కౌలు రైతు పంటలో మూడోవంతు భూస్వామికి కొలవాలి, సర్కారుకు పన్ను వేరే కట్టాలి. ప్రిన్సిప్ తల్లి తొమ్మిది మందిని కంటే ఆరుగురు పసితనంలోనే పోయారు. పల్లెల్లో ఏం జరుగుతున్నదో తనకు తెలుసునని, తాను రైతు బిడ్డనని అతడు కోర్టులో చెప్పుకున్నాడు. తుపాకి ఎక్కడినుంచి వచ్చిందన్నది పోలీసు ప్రశ్న. కోపం ఎక్కడినుంచి వచ్చిందన్నది చరిత్రకారుని ప్రశ్న. దెదియెర్ మొదటి ప్రశ్నను దాటెయ్యకుండానే రెండో ప్రశ్నకు సమాధానం వెతికాడు.

నేను నల్లగొండ జిల్లాలో ఒక కళాశాలలో చరిత్ర చెబుతుండగా, 1982 ప్రాంతంలో, ఈ పుస్తకం చేతికి వచ్చింది. వెట్టిచాకిరీ చేసిన ఊళ్ళ మధ్య కూర్చుని చదివాను కాబట్టి, బోస్నియా కౌలు రైతు నాకు పరాయివాడుగా కనిపించలేదు. రచయిత ఎవరో తెలుసుకుందామని మొదలుపెట్టి, పై కథంతా అప్పుడు తెలుసుకున్నాను. పదిహేనేళ్ళ కిందట హాస్టల్లో మేము వేసిన బిరుదు గుర్తొచ్చి సిగ్గయింది.

స్టాక్‌హోం సంగతికి వస్తాను. ఆ న్యాయస్థానాన్ని మొదట పారిస్‌లో జరపాలనుకున్నారు. ఫ్రెంచి ప్రభుత్వం దెదియెర్‌కు వీసా నిరాకరించింది. సార్త్ర్ ద గాల్‌కు లేఖ రాశాడు. న్యాయం చెప్పటమూ, దాన్ని అమలు జరపటమూ రాజ్యానికి మాత్రమే చెందిన అధికారమని ద గాల్ జవాబిచ్చాడు. అందువల్ల సభలు స్టాక్‌హోంకూ, ఆ సంవత్సరం చివర్లో డెన్మార్కులోని రోస్కిల్డేకూ మారాయి. రాజ్యానికి తప్ప ఎవరికీ విచారించే హక్కు లేదని ద గాల్ అన్నాడు. పార్టీకి తప్ప ఎవరికీ విచారించే హక్కు లేదని బెల్‌గ్రేడులో కమిషన్ అన్నది. ఆలోచిస్తే రెండూ ఒక్కటే మాట. ఈ రెండింటినీ కాదన్న మనిషి కూడా ఒక్కడే. 1954లో తన పార్టీ ఎదుట లేచి అడిగినవాడే 1967లో అమెరికాను అడిగాడు. మొదటిది అడిగినందుకు ఆయనను పాశ్చాత్యుల మనిషి అన్నారు. రెండోది అడిగినందుకు కమ్యూనిస్టుల మనిషి అన్నారు. అప్పుడు ఎంతోమంది ఆ న్యాయస్థానాన్ని వేళాకోళం చేశారు. సరిగ్గా 1968 మార్చిలో మైలాయి గ్రామంలో ఊచకోత జరిగింది; 1969 నవంబరులో లోకానికి తెలిసింది. వేళాకోళం చేసిన గొంతులు అప్పుడు తగ్గాయి.

టిటో 1980 మే 4న మరణించాడు. ఆ సంవత్సరం నుంచే దెదియెర్ "టిటో జీవిత చరిత్రకు కొత్త చేర్పులు" ప్రచురించసాగాడు. 1980, 1981, 1984లలో మూడు పెద్ద సంపుటాలు వచ్చాయి. అవి నాకు రాని భాషలో ఉన్నాయి. వాటిని గురించి ఇతరులు ఇంగ్లీషులో రాసినదే నేను చదివాను. ఇరవయ్యేడేళ్ళ కిందట తానే రాసిన పుస్తకాన్ని తానే తెరిచి, అందులో చోటు దొరకని సంగతులు తెచ్చి కలిపాడు. నాయకుని సొంత జీవితం, నాయకత్వంలో తగాదాలు, అధికార చరిత్రలు దాటేసిన ఎన్నో విషయాలు బయటికొచ్చాయి. దేశమంతా గగ్గోలయింది. పుస్తకాలు విరగబడి అమ్ముడుపోయాయి.

యుగొస్లావ్ ఉద్యమం చాలాకాలం గొంతు తగ్గించి చెప్పుకున్న సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. 1941 చివర, 1942 మొదట మాంటెనెగ్రోలోనూ, తూర్పు హెర్జెగోవినాలోనూ కొన్ని దళాలు శత్రువుల మనుషులనీ, వర్గశత్రువులనీ అనుమానించి ఎంతోమందిని చంపాయి. వారిలో రైతులు కూడా ఉన్నారు. పల్లెలు భయపడి ఎదురు తిరిగాయి. చాలామంది రైతులు రాజపక్షపు చెత్నిక్‌ల వైపు వెళ్ళిపోయారు. పార్టీయే తర్వాత వీటిని "వామపక్ష వక్రతలు" అంది. తూర్పు హెర్జెగోవినా దెదియెర్ పూర్వుల సీమ. "వక్రత" అనే ఆ చిన్న మాట కింద ఎంతమంది ఉన్నారో ఆ సీమవాళ్ళకు తెలుసు.

దెదియెర్ చేసినదంతా ఒప్పని నేననటం లేదు. "కొత్త చేర్పులు" పద్ధతి లేని కుప్ప అని, పత్రానికీ పుకారుకూ తేడా చూపలేదని ఆయన తోటి చరిత్రకారులే విమర్శించారు. ఆ విమర్శలో బలముంది. 1980లలో ఆయన రెండో ప్రపంచయుద్ధ కాలపు మారణకాండల పత్రాలు సేకరించటంలో మునిగాడు. క్రోయేషియన్ ఫాసిస్టులు సెర్బులను, యూదులను, రోమాలను చంపిన యాసెనోవాట్స్ శిబిరం మీద పుస్తకం వేశాడు. ముస్లిముల మీద సెర్బు చెత్నిక్‌లు జరిపిన హత్యాకాండ మీద కూడా మరొకరితో కలిసి పత్రాల సంపుటి వేశాడు. రెండు వైపులా చూశాడన్నది ఆయన గౌరవానికి తగినదే. కాని ఆ దశాబ్దంలో జాతీయవాదులు ఆ పత్రాలను చరిత్రగా చదువుకోలేదు. బాకీ చీటీలుగా చదువుకున్నారు. ఎవరి చీటీ వారు చేతబట్టుకున్నారు. దెదియెర్ 1990 నవంబరు 30న అమెరికాలో చనిపోయాడు. మరుసటి సంవత్సరం యుగొస్లావియా యుద్ధంలో పడి ముక్కలయింది.

దీన్ని బట్టి కొందరు మిత్రులు, "చూశావా, దాచినది తవ్వితే ఇదే జరుగుతుంది" అంటారు. నేను నేర్చుకున్నది వేరు. నలభయ్యేళ్ళు దాచటం వల్లనే అది విషమయింది. సమయానికి, తూకం వేసి, మన నోటితో మనం చెప్పివుంటే అది మన చరిత్ర అయ్యేది. మనం చెప్పలేదు కాబట్టి శత్రువు నోట ఆయుధమయింది. దెదియెర్ 1953లో వదిలేసినది 1981లో చెప్పాడు. ఆలస్యంగానైనా చెప్పాడు. చెప్పటం ఒప్పు, ఆలస్యం తప్పు. నా అభిప్రాయం ఇదే.

ఇప్పుడు నా పుస్తకం సంగతి.

నేను రాసిన ఆ రైతు నాయకుడు 1978లో చనిపోయాడు. అంతకు కొన్ని నెలల ముందు ఆయన దగ్గర కూర్చుని చాలా సాయంత్రాలు నోట్సు రాసుకున్నాను. ఒక సాయంత్రం ఆయన నేనడగకుండానే ఒక విషయం చెప్పాడు. 1949లో దళం తలదాచుకున్న చోటు పోలీసులకు తెలిసిపోయింది. ఇద్దరు కుర్రవాళ్ళు చనిపోయారు. ఊళ్ళో పోలీసు పటేలు దగ్గర పనిచేసే ఒక బీద మస్కూరి మీద అనుమానం వచ్చింది. ఒక రాత్రి దళంవాళ్ళు వచ్చి ఆ మనిషిని ఇంట్లోంచి పిలుచుకుపోయారు. మళ్ళీ రాలేదు.

"ఆడు చెప్పలే సారూ," అన్నాడు ముసలాయన. "చెప్పినోడు వేరే. మాకు ఎనుక ఎరికైంది." చాలాసేపు ఊరుకుని, "రాస్తవో రాయవో నీ ఇష్టం. నేనైతే చెప్పిన" అన్నాడు.

నేను రాయలేదు. రాయవద్దని నాతో ఎవరూ అనలేదు. ఏ సంఘమూ నా ప్రూఫులు చూడలేదు. నా అంతట నేనే ఆ నోట్సు పేజీ పక్కన పెట్టాను. భూస్వాముల గూండాలూ, రజాకార్లూ, తర్వాత మిలిటరీ వాళ్ళూ చేసిన ఘోరాల ముందు ఇదెంత అనుకున్నాను. దీన్ని పట్టుకుని పోరాటాన్నే బురదలోకి లాగుతారనుకున్నాను. నాయకునికి అన్యాయం చేసినవాణ్ణవుతానని కూడా అనుకున్నాను. ఈ కారణాలలో ఒక్కటీ పూర్తిగా అబద్ధం కాదు. అందుకే అవి నన్ను అంత తేలికగా ఒప్పించగలిగాయి.

వర్ధంతినాడు ఆ ఊళ్ళోనే పుస్తకం ఆవిష్కరించారు. సభ అయిపోయాక ఒక ముసలమ్మ నా దగ్గరికి వచ్చింది. ఆమె ఎవరో పక్కవాళ్ళు చెప్పారు.

"సారూ, మా ఇంటాయన పేరు గిండ్ల ఉన్నదా?" అంది.

"లేదవ్వా," అన్నాను.

"ఉంటదేమో అనుకొని వచ్చిన," అంది. కోప్పడలేదు. ఏడవలేదు. కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది.

ఆమె తన భర్త నిర్దోషి అని రాయమని అడగలేదు. దళాన్ని తిట్టమని అడగలేదు. పేరు ఉందా అని అడిగింది. ఏ పేదవాళ్ళ పేరిట మనం పుస్తకాలు రాస్తున్నామో, ఆ పేదవాళ్ళలో ఒకరు అడిగిన ప్రశ్న అది. నాయకుడు చెప్పుకోగలిగిన సత్యాన్ని చదువుకున్నవాణ్ణి నేను మోయలేకపోయాను. ఆయనకు అన్యాయం చేయకూడదని పేజీ దాచాను. నిజానికి ఆయనకు నేను చేసిన అన్యాయం అదే. తన తప్పును ముప్పై ఏళ్ళు గుండెలో పెట్టుకుని, చివరికి నోరు విప్పి చెప్పిన మనిషిని, తప్పే ఎరగని బొమ్మగా మార్చాను.

తెలంగాణా పోరాటం న్యాయమైనదనే నా నమ్మకం ఈ సంగతి వల్ల ఇసుమంతైనా తగ్గలేదు. వెట్టి పోయింది, వేల ఎకరాలు పేదల చేతికి వచ్చాయి, వేలమంది ప్రాణాలిచ్చారు. అంతటి పోరాటం ఒక మస్కూరి పేరు చెప్పుకున్నంత మాత్రాన కూలిపోదు. కూలిపోతుందని భయపడ్డవాడు దాన్ని నిజంగా నమ్మినవాడు కాదు. ఆనాడు నేను నమ్మలేదన్నమాట.

ఆమె ఇప్పుడు లేదు. మనవలున్నారు. కిందటేడు వెళ్ళి వాళ్ళను కలిశాను. ఆ పేరు అచ్చులో వెయ్యాలా వద్దా అన్నది తేల్చవలసింది వాళ్ళు, ఇంకా మాట్లాడుకుంటున్నారు. అందుకే ఈ వ్యాసంలో ఎవరి పేరూ, ఊరి పేరూ రాయటం లేదు. వాళ్ళు సరేనంటే పుస్తకం రెండో ముద్రణకు ఇస్తాను. పాత అరవై నాలుగు పేజీలలో ఒక్క అక్షరం మార్చను. మార్చితే అది మరో దాపరికమవుతుంది. చివర ఒక చేర్పు ఉంటుంది. దానికి తేదీ వేస్తాను, ఇన్నేళ్ళు ఎందుకు ఆలస్యమయిందో రాస్తాను, నా సంతకం పెడతాను.

మన ఉపాధ్యాయులలో, విద్యార్థులలో చాలామంది ఇవాళ ఊరూరా తిరిగి పాత పోరాటాల చరిత్రలు సేకరిస్తున్నారు. మంచి పని. వాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ముసలివాళ్ళు మీరడగకుండానే ఏదైనా చెప్పినప్పుడు, కలం ఆపకండి. ఆ పేజీని పక్కన పెట్టకండి.